ఇది ఇక్కడికెలా వచ్చింది?

బుకారెస్ట్‌లో ఒక మ్యూజియం హాల్లో ఇల్లుంది. బొమ్మరిల్లు కాదు, నమూనా కాదు. జనం కాపురం చేసిన చెక్క ఇల్లు. హాలు కప్పు కింద తన సొంత కప్పుతో, తన స్తంభాలతో నిలబడి ఉంది. మా మనవడికి అప్పుడు ఏడేళ్లు. ఇంటిని చూశాడు. వెనక్కి తిరిగి మేం వచ్చిన తలుపును చూశాడు. మళ్లీ ఇంటిని చూశాడు.

"నాయనమ్మా, ఇది ఇక్కడికెలా వచ్చింది? ఆ తలుపులోంచి పట్టదు కదా!"

నేను 31 ఏళ్లు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని. చరిత్ర అనగానే నా నోటికి ముందు సంవత్సరమే వస్తుంది. "ఈ మ్యూజియం 1906లో పెట్టారు నాన్నా" అన్నాను. వాడు నా కొంగు పట్టి లాగి, "ఎప్పుడని కాదు, ఎలాగని" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం కంటే ఇంకో సంగతి నన్ను ఎక్కువ పట్టుకుంది. అన్నేళ్ల సర్వీసులో నేను ఏ పిల్లవాడినీ ఆ ప్రశ్న అడగలేదు. ఎవరు కట్టించారు, ఎప్పుడు కట్టించారు, ఎక్కడ ఉంది. ఈ మూడే. నాగార్జునకొండ పాఠం చెప్పేటప్పుడు కూడా, ఆ శిల్పాలు కొండమీది మ్యూజియానికి ఎలా చేరాయో, ఏ లోయ నీళ్లలో మునుగుతుంటే పైకి తెచ్చారో చెప్పకుండానే పేజీ తిప్పేశాను.

ఆ రోజు మేం మ్యూజియం చూద్దామని వెళ్లలేదు. మా అబ్బాయి ఉద్యోగం అక్కడ. నేను వెళ్లింది ఫిబ్రవరి చివర్లో. మార్చి 1న రొమేనియా అంతా మర్త్సిషోర్ జరుపుకుంటారు. ఎరుపు, తెలుపు దారాలు కలిపి పేనిన సన్నని తాడు, దానికి ఒక చిన్న పూసో బొమ్మో. మగవాళ్లు ఆడవాళ్లకిస్తారు, పిల్లలు పంతులమ్మలకిస్తారు. రోజుల తరబడి మణికట్టుకు కట్టుకునో, గుండె దగ్గర పిన్నుతో పెట్టుకునో తిరుగుతారు. తర్వాత పూలు పూసే చెట్టు కొమ్మకు కట్టేస్తారు. దీన్ని 2017లో బల్గేరియా, మాల్డోవా, మాసిడోనియాలతో కలిపి యునెస్కో జాబితాలో చేర్చారు. నాకు అది చూడగానే వరలక్ష్మీ వ్రతం తోరం గుర్తొచ్చింది. రొమేనియా రైతు మ్యూజియం ఆవరణలో ఏటా ఆ దారాల సంత పెడతారు. మా కోడలు అక్కడికే తీసుకెళ్లింది. చలి ఎముకలు కొరికేస్తుంటే, "అత్తయ్యా, లోపల కాసేపు వెచ్చగా కూర్చుందాం రండి" అంది. అలా వెళ్లాం. ఆ తర్వాత ఆరు వారాల్లో నాలుగుసార్లు ఆ గుమ్మం తొక్కాను.

మనవడికి జవాబు రెండోసారి వెళ్లినప్పుడు దొరికింది. ఆ ఇల్లు దేశానికి నైరుతి మూల గోర్జ్ జిల్లాలోని చావురు అనే ఊళ్లో ఆంటోనీ మొగోష్ అనే రైతుది. చెక్కిందీ అతనే. స్తంభం దగ్గరికి వెళ్లి చూస్తే ఉలి గాట్లు కనిపిస్తాయి. ఒకచోట లోతుగా, ఒకచోట తేలిగ్గా, చెయ్యి అలసిన చోటు ఇదేమో అనిపించేలా ఉంటాయి. మ్యూజియం స్థాపించిన అలెగ్జాండ్రు త్సిగారా-సముర్కాష్ కళాచరిత్రకారుడు. ఆయన ఈ ఇంటిని కొని, ఏ ముక్కకా ముక్క విప్పించి, బుకారెస్ట్ తెప్పించి మళ్లీ కూర్పించాడు. చెక్క ఇల్లు కాబట్టి ఊరు దాటి రాగలిగింది. ఇంటికొచ్చి మా వాడికి చెప్పాను. "విప్పేశాక ఆ తాతయ్య ఎక్కడ పడుకున్నాడు?" అని అడిగాడు. దానికీ నా దగ్గర జవాబు లేదు.

ఆ పసివాడు తెలియకుండానే అసలు చోట వేలు పెట్టాడు. పట్నంలో చదువుకున్నవాళ్లు రైతు చెక్కడం ఎంత అందమైనదో కనిపెట్టి, మ్యూజియం పెట్టిన మరుసటి ఏడే, 1907 మార్చిలో, రొమేనియా రైతులు భూమి కోసం తిరగబడ్డారు. భూమి బోయార్లనే పెద్ద దొరలది. దున్నేవాడు దాన్ని మధ్యవర్తుల దగ్గర కౌలుకు తీసుకోవాలి. ఆ తిరుగుబాటు మీద సైన్యం ఫిరంగులు కూడా పేల్చింది. ఎంతమంది పోయారో లెక్క ఈనాటికీ తేలలేదు. రైతు చేసిన స్తంభానికి దేశం గొప్పతనమని పేరు పెట్టినవాళ్లూ, రైతు మీద తుపాకీ ఎత్తినవాళ్లూ ఒకే నగరంలో, ఒకే ఏళ్లలో ఉన్నారు. మొగోష్ ఇల్లు హాలు నడుమ అంత ఠీవిగా నిలబడి ఉన్నా, ఇది తెలిశాక నేను దాన్ని ముందులా చూడలేకపోయాను.

మ్యూజియం భవనానికీ ఒక కథ ఉంది. నికొలాయె గికా-బుదేష్తి అనే వాస్తుశిల్పి గీసిన ఎర్ర ఇటుకల భవనం అది. 1912లో పునాది వేశారు. నడుమ యుద్ధాలు, డబ్బు లేమి. పూర్తయ్యేసరికి 1941. కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక రైతు సామానంతటినీ బయటికి పంపి, అదే భవనంలో లెనిన్-స్టాలిన్ మ్యూజియం పెట్టారు. ఆ తర్వాత పార్టీ చరిత్ర మ్యూజియం. కుండలు, చొక్కాలు, రాట్నాలు చివరికి గోదాముల్లో చేరాయి. 1989 డిసెంబరులో కమ్యూనిస్టు నియంత చౌషెస్కూ పాలన కూలిపోయింది. 1990 ఫిబ్రవరి 5న, అంటే రెండు నెలలైనా కాకముందే, రైతు మ్యూజియం తిరిగి పుట్టింది. దాని బాధ్యత హోరియా బెర్న్యా అనే చిత్రకారుడికి అప్పగించారు.

ఆయన చేసిన పని నాలాంటి టీచరుకు మొదట కొరుకుడు పడదు. కొన్ని గదుల్లో అచ్చు లేబుళ్లు లేవు. చేతిరాతతో రాసిన కాగితాలున్నాయి. తేదీలు తక్కువ. వస్తువులు వరసలో కాక ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు పెట్టి ఉన్నాయి. శిలువ పక్కన నాగలి, నాగలి పక్కన రొట్టె ముద్ర. మొదటిరోజు నోటుబుక్కు పట్టుకుని సంవత్సరాలు వెతికి విసిగిపోయాను. మూడోసారి బుక్కు ఇంట్లో వదిలేసి వెళ్లాను. ఈ మ్యూజియానికి 1996లో ఐరోపాలో ఆ ఏటి మేటి మ్యూజియంగా అవార్డు వచ్చింది. ఎందుకొచ్చిందో ఆ మూడోసారి అర్థమైంది. చదవడానికేమీ లేనప్పుడు మనిషి చూడ్డం మొదలుపెడతాడు.

మెట్లు దిగితే కింద ఒక చిన్న గది. దాని పేరు "చూమా". ప్లేగు అని అర్థం. ఇరీనా నికొలావ్ అనే జానపద పరిశోధకురాలి ఆలోచన అది. పార్టీ నాయకుల విగ్రహాలు, పటాలు, కాగితాలు ఆ ఇరుకు గదిలో ఉన్నాయి. ఒకప్పుడు పై అంతస్తులు ఏలిన ముఖాలే, ఇప్పుడు నేలమాళిగలో. 1949 నుంచి 1962 దాకా రొమేనియా రైతుల చేత పొలాలు, ఎడ్లు, బళ్లు ఉమ్మడి క్షేత్రాలకు రాయించుకున్న కథ అది. రాయనన్నవాళ్లను కొట్టారు, జైళ్లలో వేశారు, పిల్లల్ని చదువుల్లోంచి తీసేశారు. అక్కడ కాపలా కూర్చున్న పెద్దావిడ మా కోడలికి వచ్చీరాని భాష విని, నెమ్మదిగా తన కథ చెప్పింది. వాళ్ల తాత సంతకం పెట్టిన మర్నాడు ఎడ్లను ఉమ్మడి పాకకు తోలుకుపోయారట. రెండు రోజులు వరసగా సాయంత్రం అవి కట్టు తెంచుకుని, వాటంతటవే ఇంటి దొడ్డి ముందుకొచ్చి నిలబడ్డాయట. మూడోరోజు నుంచి రాలేదట. "తాత ఆ తర్వాత దొడ్డి తలుపు వెయ్యలేదు" అంది. అంతే చెప్పి చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను పుస్తకాల్లో చదివి, పిల్లలకు చెప్పిన "సమష్టి వ్యవసాయం" అనే మాట బరువు ఆ గదిలో తెలిసింది.

విక్టరీ వీధిలో ఉన్న జాతీయ చరిత్ర మ్యూజియం దీనికి పూర్తిగా వేరు. 1900లో పూర్తయిన పాత పోస్టాఫీసు మహలు అది. మ్యూజియంగా 1972లో తెరుచుకుంది. అక్కడ లోపలి హాల్లో రోమ్ నగరంలోని ట్రాజన్ స్తంభం శిల్పాల అచ్చులు ఉన్నాయి. వాటిని చూసి ముందు తికమక పడ్డాను. ట్రాజన్ అనే రోమన్ చక్రవర్తి క్రీ.శ. 106 నాటికి ఈ నేలను, అంటే నాటి డేసియాను, గెలిచి రాజు డెసెబాలస్‌ను వేటాడితే, ఆ రాజు శత్రువుకు చిక్కకుండా గొంతు కోసుకున్నాడు. స్తంభం మీద చెక్కి ఉన్నది ఆ గెలుపే. అంటే ఈ దేశం పూర్వీకుల ఓటమి. దాన్ని రొమేనియావాళ్లు 1939 నుంచి 1943 దాకా రోమ్‌లో కూర్చుని ముక్కముక్కకూ అచ్చు తీయించారు. యుద్ధం అడ్డొచ్చి అచ్చులన్నీ అక్కడే ఉండిపోయాయి. ఇంటికి చేరింది 1967లో. డేసియన్లు రాసుకున్న చరిత్ర ఏదీ మిగల్లేదు. వాళ్ల టోపీలు, గడ్డాలు ఎలా ఉండేవో చూడాలంటే శత్రువు చెక్కించిన రాయే దిక్కు. ఇంకో సంగతి మా అబ్బాయి చెప్పాడు. వాళ్ల ఆఫీసులో ఒకాయన పేరు త్రయాన్, ఇంకొకాయన పేరు దెచెబాల్. గెలిచినవాడి పేరూ ఓడినవాడి పేరూ ఇద్దరు సహోద్యోగులకు. ఆ దేశంలో రెండూ మామూలు పేర్లే.

అదే మ్యూజియంలో నేలమట్టం కింద బంగారం గది. అందరూ ముందు అక్కడికే పోతారు, నేనూ పోయాను. రెండువేల నాలుగు వందల ఏళ్ల నాటి శిరస్త్రాణం ఒకటి అప్పుడక్కడ ఉండేది. దాని నుదుటి మీద రెండు పెద్ద కళ్లు చెక్కి ఉన్నాయి, యుద్ధంలో చెడు చూపు తగలకుండా. దిష్టిచుక్క పెట్టే దేశం నుంచి వచ్చినదాన్ని, నాకు ఎవరూ వివరించనక్కర్లేదు. అది ఒక ఊరి పిల్లవాడికి పొలంలో దొరికింది. 2025 జనవరిలో నెదర్లాండ్స్‌కు ప్రదర్శనకు పంపితే, అక్కడి మ్యూజియంలో దొంగలు పేలుడుతో తలుపు పగలగొట్టి ఎత్తుకుపోయారు. మా మనవడు, ఇప్పుడు వాడికి మీసాలొస్తున్నాయి, ఆ రాత్రి ఫోన్ చేసి, "నాయనమ్మా, మనం చూసిన కళ్ల టోపీ పోయింది" అన్నాడు.

ఆ గదిలో నన్ను కదలనివ్వనిది మాత్రం పియెత్రోఆసెలె నిధి. జనం దాన్ని "బంగారు పిల్లలతో కోడిపెట్ట" అంటారు. 1837లో బుజవ్ ప్రాంతంలో రాళ్లు కొట్టుకునే ఇద్దరు రైతులకు కొండ దగ్గర దొరికింది. మొత్తం 22 వస్తువులు. పక్షుల ఆకారంలో, రంగురాళ్లు పొదిగిన పెద్ద పిన్నులు, గిన్నెలు, పళ్లెం, కంటెలు. గోత్‌లనే తెగవాళ్ల కాలం నాటివి, పదహారు వందల ఏళ్లు దాటినవి. దొరికినవాళ్లు ఏడాది దాచి, ఒక మేస్త్రీకి అమ్మారు. అతను సులువుగా మోసుకుపోవడానికి గొడ్డలితో ముక్కలు చేశాడు. రాళ్లు రాలిపోయాయి. కబురు అధికారులకు చేరేసరికి మిగిలింది 12. ఆ పన్నెండు 1867లో పారిస్ ప్రదర్శనకెళ్లి ప్రపంచాన్ని మెప్పించాయి. 1875లో ఒక దొంగ పై అంతస్తు నుంచి కన్నం వేసి దిగి ఎత్తుకుపోయాడు. పట్టుబడేలోపు, రూనిక్ లిపిలో రాత ఉన్న కంటెను ముక్కలు చేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యానికి చిక్కకుండా మాస్కో పంపారు. 1956లో తిరిగొచ్చింది. దానితో పాటు భద్రత కోసం మాస్కో పంపిన నేషనల్ బ్యాంకు బంగారం మాత్రం తిరిగి రాలేదు.

గాజు పెట్టెలో ఆ పెద్ద పక్షి పిన్ను ఉంది. మెడ కింద నుంచి పొట్ట దాకా గూళ్లు, గూళ్లు. ఒకదాంట్లో ఎర్ర రాయి, పక్కనది ఖాళీ, దాని పక్కన రెండు ఖాళీ. ఖాళీ గూటి అంచు కాస్త వంగి ఉంది. గొడ్డలి పడ్డ పక్షి అని తెలిశాక ఆ వంపు వైపే చూస్తూ నిలబడిపోయాను.

నా వెన్ను జలదరించింది. కారణం చెబుతాను.

తెనాలి దగ్గర మా అత్తగారి ఊళ్లో ఇల్లు అమ్మినప్పుడు, అటక మీద, వంటింట్లో ఉన్న ఇత్తడంతా తూకానికేశాను. గంగాళాలు రెండు, కాగులు, బిందెలు. ఒక గంగాళం అంచు మీద మా అత్తగారి పేరూ, వాళ్ల పుట్టింటి ఊరి పేరూ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉన్నాయి. సారెతో వచ్చినది. కొనేవాడు ఆ పేరున్న చోటే గీటు పెట్టి నాణ్యం చూశాడు. లారీ ఎక్కించడానికి వీలుగా ఒక గంగాళం పిడిని సుత్తితో కొట్టి చదును చేశాడు. నేను పక్కన నిలబడి కాటా చూస్తున్నాను. కిలోకు ఎంతో అడిగాను. ఇది ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎన్ని పెళ్లిళ్లకు ఇందులో నీళ్లు కాగాయి అని ఎవరినీ అడగలేదు. అప్పటికి మా అత్తగారు పోయి ఏడాది అయింది. చరిత్ర చెప్పి జీతం తీసుకున్నదాన్ని, ఆ పని చేశాను.

అక్కడ ఒక కవ్వం మిగిలింది. అది కొయ్య. కాటా మీద పెట్టడానికి పనికిరాదని కొనేవాడు పక్కకు తోశాడు. దాన్ని ఎందుకో సంచిలో పడేసుకుని వచ్చాను.

మళ్లీ రొమేనియాకు వస్తే, మొగోష్ పుట్టిన గోర్జ్ జిల్లాలోనే హొబిత్సా ఊరివాడు కాన్‌స్టాంటిన్ బ్రంకూషి. పారిస్‌లో ఉండి ప్రపంచ ప్రసిద్ధుడైన శిల్పి. ఇండోర్ మహారాజు కోసం ఒక ధ్యానమందిరం కట్టాలని మన దేశం కూడా వచ్చి వెళ్లాడు, ఆ మందిరం కట్టడం జరగలేదు. మన దేశం నుంచి తిరిగి వెళ్లిన ఏడాదే, 1938లో, తన జిల్లా కేంద్రమైన తిర్గు జియులో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా ఆయన చేసిన "అంతులేని స్తంభం" ఆవిష్కరణ జరిగింది. పోత ఇనుము గుళ్లు ఒకదాని మీద ఒకటి, దాదాపు 30 మీటర్ల ఎత్తు. మొగోష్ ఇంటి వరండా స్తంభాలు చూసినవాళ్లకు ఆ గుళ్ల పోలిక ఎక్కడిదో తెలిసిపోతుంది. ఆ ఇనుప స్తంభాన్ని కూలగొట్టి పాత ఇనుముకు కరిగించేద్దామనే ఆలోచన 1950లలో వచ్చింది. జరగలేదు. 2024లో అది ప్రపంచ వారసత్వ సంపద అయింది. పాత ఇనుము, పాత ఇత్తడి. కాటా ఒకటే.

మార్చి చివర్లో మా అబ్బాయి మమ్మల్ని కారులో సిబియూ దగ్గర సిబియెల్ అనే పల్లెకు తీసుకెళ్లాడు. అక్కడ గాజు మీద వేసిన దేవుడి పటాలున్నాయి, దాదాపు 600. 1699లో ట్రాన్సిల్వేనియాలోని నికులా అనే ఊరి గుడిలో మేరీమాత పటం కన్నీళ్లు కార్చిందని కబురు పాకింది. యాత్రికులు అలాంటి పటం మా ఇంటికీ కావాలన్నారు. రైతులే చిత్రకారులయ్యారు. నమూనా కాగితం కింద పెట్టి, దాని మీద గాజుపలక పెట్టి, పలక వెనకవైపు వేస్తారు. మామూలు బొమ్మలో ఆఖరున దిద్దేది ఇక్కడ ముందు వెయ్యాలి. ముందు కళ్ల గీతలు, వేళ్ల గీతలు, అక్షరాలు, అవీ అద్దంలో తిరగేసినట్టు. తర్వాత రంగులు. అన్నిటికంటే వెనకుండే బంగారురేకు ఆఖర్న. చేసిన తప్పు దిద్దడానికి వీల్లేదు. మన తంజావూరు వైపు గాజు వెనక బొమ్మలు వేసే చేతులకు ఈ కష్టం తెలుసు. ఆ రోజుల గాజు సమంగా ఉండేది కాదు, అలలు అలలుగా ఉండేది. పటం ముందు నుంచి నడిచి వెళ్తుంటే మేరీమాత ముఖం కదిలినట్టుంటుంది.

ఇవి ఇక్కడికెలా వచ్చాయని ఈసారి నేనే అడిగాను. జోసిమ్ వాన్చా అనే పూజారి కమ్యూనిస్టుల జైళ్లలో దాదాపు 15 ఏళ్లు ఉండి బయటికొచ్చి, ఈ పల్లె గుడికి చేరాడు. మతం ఊసెత్తితేనే నిఘా ఉండే కాలంలో, ఊరివాళ్లను వాళ్ల ఇళ్లలోని పాత పటాలు తెచ్చి గుడికివ్వమని అడిగాడు. 1969లో మొదలైంది. ఒకళ్లు తెస్తే ఇంకొకళ్లు తెచ్చారు. చుట్టుపక్కల ఊళ్లూ కదిలాయి. గోడకు మేకు కొట్టి తరతరాలు దణ్ణం పెట్టుకున్న పటాన్ని దింపి ఒక ముసలి పూజారి చేతిలో పెట్టడమంటే, గోడ మీద ఖాళీ చదరం మిగులుతుంది. ఇన్ని వందల ఖాళీ చదరాలు మిగిల్చుకుని ఆ పల్లెలు ఈ గదిని నింపాయి. బంగారం గదిలో కలగని భక్తి నాకు అక్కడ కలిగింది.

బుకారెస్ట్‌లో మిగిలిన రోజులు వస్తువుల వెనక మనుషుల్ని వెతకడానికే సరిపోయాయి. హెరస్ట్రౌ చెరువు గట్టున గ్రామ మ్యూజియం ఉంది. దిమిత్రియె గుస్తి అనే సామాజిక శాస్త్రవేత్త తన విద్యార్థులతో ఊళ్లు తిరిగి ఎంచిన ఇళ్లతో 1936 మే నెలలో తెరిచాడు. నేలలోకి తవ్వి, గడ్డికప్పు మాత్రం పైకి కనిపించేలా కట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి అక్కడ. 1940లో సోవియట్ సైన్యం అప్పటి రొమేనియాలోని బెస్సరేబియా ప్రాంతాన్ని ఆక్రమించినప్పుడు, పారిపోయి వచ్చినవాళ్లను ఆ మ్యూజియం ఇళ్లలోనే ఉంచారు. మ్యూజియం పొయ్యిలు మళ్లీ రాజుకున్నాయి. ఈ సంగతి మా మనవడికి తెగ నచ్చింది. "అయితే మొగోష్ తాతయ్య కూడా వచ్చి పడుకోవచ్చు" అన్నాడు.

రైతు మ్యూజియంలో నేను ఆఖరిసారి చూసింది ఆడవాళ్ల చొక్కాలు. "ఇయె" అంటారు. తెల్లబట్టను దీర్ఘచతురస్రాలుగా కోస్తారు, పీలిక కూడా వృథా పోదు. భుజం మీద దట్టమైన కుట్టుపట్టీ, దాని పేరు ఆల్తిత్స. దాని కింద ఒకే రంగులో సన్నటి పట్టీ. అక్కడి నుంచి చేతి పొడుగునా ఏటవాలుగా పారే కుట్టుచారలు. వాటి పేరుకు అర్థం "నదులు". ఆల్తిత్స కుట్టే కళను 2022లో యునెస్కో గుర్తించింది. ఫ్రెంచి చిత్రకారుడు మాతీస్ 1940లో ఆ చొక్కాను బొమ్మగా వేశాడు. ఇవన్నీ చెప్పుకోదగ్గవే. నా కన్ను మాత్రం ఒక చొక్కా మెడ దగ్గర ఆగింది. అక్కడ కుచ్చు తెగితే ఎవరో మళ్లీ కుట్టారు. దారం రంగు కలవలేదు, అయినా కుట్టు అదే. తల్లి కుట్టినదాన్ని కూతురు బాగుచేసి ఉంటుందా? పేరు లేదు. ఊరి పేరు ఉంది, కుట్టిన మనిషి పేరు లేదు.

పక్కనే చెక్క గరిటెలు. వాటికీ అంతే. కానీ వాటి వెనక లేని పేరు ఇంకా లోతైనది. రొమేనియాలో గరిటెలు చెక్కడం చాలాచోట్ల రోమాల వృత్తి. ఆ పని చేసే వర్గాన్ని గరిటె పేరుతోనే "లింగురారి" అని పిలుస్తారు. రోమాలు వేయేళ్ల కిందట మన దేశం నుంచి వెళ్లిన జనం. వాళ్ల భాషలో ముక్కు నక్, చెవి కన్, నీళ్లు పాణి. రొమేనియా సంస్థానాల్లో వాళ్లు బానిసలు. 1385 నాటి దానపత్రంలోనే కొన్ని కుటుంబాలను ఒక మఠానికి రాసిచ్చినట్టుంది. రాజుకు, మఠాలకు, దొరలకు వాళ్లు ఆస్తి. మాల్డావియాలో 1855లో, వలాకియాలో 1856 ఫిబ్రవరి 20న ఆ బానిసత్వం రద్దయింది. అంటే దాదాపు ఐదు శతాబ్దాలు. 1942లో మళ్లీ దాదాపు 25,000 మంది రోమాలను నీస్తర్ నది అవతలికి తరలిస్తే, ఆకలికి, చలికి, టైఫస్‌కు వేలమంది పోయారు.

ఐదువందల ఏళ్లు ఇంకొకళ్ల ఆస్తిగా ఉన్న మనిషికి పెట్టెలో దాచుకునే చొక్కా ఉండదు, గోడకు వేలాడదీసే పటం ఉండదు. వాళ్లు చేసిన గరిటె వేరేవాళ్ల వంటింట్లో అరిగి, వేరేవాళ్ల ఊరి పేరుతో మ్యూజియానికి చేరుతుంది. "ఇది ఇక్కడికెలా వచ్చింది" అని అడగడం నేర్చుకున్నాక, "అది ఎందుకు రాలేదు" అనేది వెంటనే వచ్చి పడింది. రోమా సంస్కృతికంటూ బుకారెస్ట్‌లో ఒక మ్యూజియం 2013లో వచ్చింది. అంటే రైతు మ్యూజియం తర్వాత 107 ఏళ్లకు. ఈ ఆలస్యాన్ని నేను చిన్నదిగా చూడను. మన వడ్రంగులు, కుమ్మర్లు, మేదర్లు చేసిన సామాను మన మ్యూజియాల్లో ఎవరి పేరుతో ఉందో ఆలోచించినప్పుడు ఇంకా చూడను.

ఏప్రిల్‌లో తిరిగొచ్చేముందు మనవడు నా చేతి మర్త్సిషోర్ విప్పి, అపార్టుమెంటు ముందున్న చెర్రీ కొమ్మకు కట్టాడు.

తెనాలి చేరాక సంచిలోంచి కవ్వం తీశాను. అత్తగారు లేరు. ఆవిడ ఆడపడుచు, మావారి మేనత్త, అప్పటికి 88 ఏళ్లావిడ, బాపట్లలో ఉన్నారు. ఫోన్ చేశాను. "ఆ కవ్వం ఎక్కడిదే పిల్లా, నా చేతుల్లోది అది" అన్నారు. అరగంట మాట్లాడారు. ఊరి వడ్రంగి చెక్కాడట. దానికి విడిగా డబ్బివ్వలేదట, ఏటా కళ్లంలో కొలిచే మేరలోనే అదీ జమ. ఆయన పేరు చెప్పారు, ఆయన ఇల్లు చెరువుకు ఏ పక్కనో చెప్పారు. పిడి దగ్గర అరిగిన చోటు తాడు రాపిడి అనుకున్నాను. కాదట, మా అత్తగారు ఎడమచేతివాటం కావడం వల్లట. ఆవిడతో పాతికేళ్లు కాపురమున్న ఇంట్లో మజ్జిగ తాగాను, ఆ సంగతి నాకు తెలియదు. అన్నీ ఒక అట్ట మీద నా చేతిరాతతో రాశాను. మొదటి గీత వడ్రంగి పేరు. మేనత్తగారు తర్వాత రెండేళ్లకు పోయారు.

మీ అటక మీద ఏముందో ఒకసారి కిందికి దించి చూడండి. దాన్ని వాడినవాళ్లను ఎరిగిన పెద్దవాళ్లు ఎవరున్నా ఈ వారంలోనే ఫోన్ చేసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు చేశారో అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఒక అట్ట మీద రాసి, దారంతో ఆ వస్తువుకే కట్టేయండి.